తోల్కచ్చిన కోడలు

నమోదు 1

మండలివారి కొత్త ఉత్తర్వు. భాషా విభాగంలో పనిచేసేవాళ్ళందరూ రోజూ మనసులో మాట నమోదు చేయాలి. మానసిక ఆరోగ్యానికి మంచిదట. ఎవరూ చదవరట. చదివితే నాకేం భయం లేదు. పైగా చదివితేనే మేలు.

నా పేరు లావణ్య. మాది జగిత్యాల దిక్కు. ఉత్తర రేవులోని వలసల పరిశోధనా మండలిలో తెలుగు పరిశీలకురాలిని. అంటే చెవి విన్నదాన్ని నేను మళ్ళీ విని, చెవి చెప్పింది నిజమేనని సంతకం పెడతాను. కాదని రాయడానికి కూడా ఒక గడి ఇచ్చారు. దానికి జవాబు వచ్చిన రోజు ఇంతవరకూ లేదు.

చెవి అంటే యంత్రం. దానికి పెట్టిన పేరు చాలా పెద్దది, ఇక్కడ అందరూ చెవి అనే అంటారు. ఓడ దిగిన ప్రతి మనిషీ దాని ముందు నిలబడి, తాను ఎలా వచ్చాడో తన భాషలో చెప్పుకోవాలి. పచ్చదీపం వెలిగితే ఆ మనిషి 'వచ్చినవారు'. ఎర్రదీపం వెలిగితే 'తేబడినవారు'. తేబడినవారు! ఈ మాట పుట్టించినవాడి నోట్లో పచ్చి గోంగూర కుక్కాలి.

తేబడినవాణ్ణి మండలి రక్షిస్తుంది. రక్షించడమంటే శాలువా కప్పి, గోరువెచ్చని పాలిచ్చి, ఫొటో తీసి, తిరుగు ఓడ ఎక్కించడం. దీన్ని కరుణాయానం అంటారు. వెంట తెచ్చినవాళ్ళను మనుషుల దొంగరవాణా కింద లోపలేస్తారు. ఓడ దింపే చోట ఎండాకాలమంతా జనం నేలమాళిగల్లో బతుకుతున్నారని శాలువా కప్పే చేతులకు బాగా తెలుసు. అయినా ఫొటోలో అందరూ నవ్వుతూనే ఉంటారు.

ఈరోజు ఉదయం సుఖయానం కంపెనీ తెచ్చిన జట్టు వచ్చింది. మంచు కరిగిన చోట తవ్వుతున్న మంచుగనిలో పనికి. ఒక్కొక్కరూ చెవి ముందు నిలబడి, 'నేను స్వచ్ఛందంగా వచ్చాను' అన్నారు. అందరిదీ అదే మాట, అదే వరస. ప్రతిసారీ పచ్చదీపం. మా దిక్కు పుట్టి పెరిగినవాళ్ళు స్వచ్ఛందంగా ఏ పనీ చేయరు. చేస్తే ఊరికే చేస్తారు, లేకపోతే ఉట్టిగ చేస్తారు. ఈ మాట వాళ్ళ నోట్లోకి ఎవరో చెంచాతో పోశారు. చివర్లో చెవులు కప్పే పిల్లల టోపీ పెట్టుకున్న ఒక నడివయసు మనిషి 'సొచ్చందంగ' అని తడబడి, కంపెనీ మనిషి మొహం చూశాడు. చెవి దానికీ పచ్చదీపమే వెలిగించింది. పోతూ పోతూ అతను నన్ను అడిగాడు.

"మేడం, తిరుగు ఓడ ఎప్పుడుంటది?"

కంపెనీ మనిషి నవ్వి అతని భుజం మీద చెయ్యేసి తీసుకుపోయాడు. నేను కాదనే గడిలో రాశాను. నా కోటు తడిసిపోయింది. ఇంత పెద్ద భవనంలో కోటు తగిలించడానికి ఒక్క మేకు లేదు. వలసల మీద పరిశోధన చేసేవాళ్ళకు బయట వాన పడుతుందన్న సంగతి తెలియదు కాబోలు.

నమోదు 2

ఇక్కడ ఒకప్పుడు మంచు ఉండేదట. ఇప్పుడు బురద, దోమలు, వేసవిలో గుంకని పొద్దు. గిన్నెలు కడిగి, తొట్టిలో గోంగూరకు నీళ్ళు పోసి, చెక్కల బాట మీద ఆఫీసుకు వెళ్ళేసరికి విభాగాధిపతి డాక్టర్ లోహిత్ గారు గుమ్మంలోనే నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఆయన నవ్వారంటే ఎవరికో మూడిందన్నమాట.

"లావణ్యగారూ, అద్భుతమైన కేసు దొరికిందండి. కోడలు అత్తగారిని అక్రమ రవాణా చేసింది. ఇంతవరకూ ఎక్కడా రాలేదండి ఇలాంటిది."

రికార్డు విన్నాను. ముసలావిడ పేరు మౌనిక. డెబ్బై దాటిన మనిషి. ఆమె పుట్టిన కాలంలో ఊరి నిండా మౌనికలేనట, ఇప్పుడందరూ అవ్వలయ్యారు. మౌనమన్నది మాత్రం ఈ అవ్వ దగ్గర ఏ కోశానా లేదు. చెవిని చూసి ముందు దాని యోగక్షేమాలు అడిగింది. తర్వాత ఇలా అంది.

"నా కోడలే తోల్కచ్చింది బిడ్డా. కొడుకు పాయె. ఇంట్ల ఎవ్వలు లేరు. ఇడిసిపెట్టి అస్తదా మరి? రెక్క పట్టుకొని తోల్కచ్చింది."

ఎర్రదీపం.

చెవి చేసిన అర్థం కాగితం మీద వచ్చింది. 'నా కోడలు నన్ను పశువువలె తోలినది. రెక్క పట్టి తోలినది.' కోడలు గంగజలను లోపలేశారు. అవ్వకు శాలువా కప్పారు.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత కాగితం చించి పడేయాలనిపించింది. లోహిత్ గారి గదికి వెళ్ళాను.

"సార్, మా దిక్కు తోల్కచ్చుడంటే వెంట తెచ్చుకోవడం. పిల్లను బడికి తోల్కపోతాం, ముసలోళ్ళను దవాఖానకు తోల్కపోతాం. అందులో తప్పేమీ లేదు."

"చూడండి లావణ్యగారూ, తోలేది గేదెల్నండి. మా కాకినాడ వైపు మనుషుల్ని తోలతారని ఎవరూ అనరు."

"మీ కాకినాడ సముద్రంలో ఉంది సార్."

ఆయన మూతి బిగించారు. నిఘంటువు తీసి చూపించారు. తోలు: పశువులను ముందుకు నడిపించు. చెవికి నేర్పింది ఆ నిఘంటువే. దాన్ని రాసిన కమిటీలో ఆయనా ఒకరు.

"సార్, 'తోలు' వేరు, 'తోల్క' వేరు. తోలేవాడు వెనక ఉంటాడు, కర్రతో. తోల్కపోయేవాడు ముందు నడుస్తాడు, చెయ్యి పట్టుకొని. కొని అన్న ముక్క అరిగి 'క' అయింది. మనదనుకున్నదాన్నే తోల్కపోతాం. మీ చెవి ఆ 'క'ను కోసి పారేసి మొద్దు మాత్రం పట్టుకుంది."

"భాషాశాస్త్రం వేరండి, విధానం వేరు" అన్నారాయన. ఈయనగారు ఆ రెండింటిలో దేన్నీ చదవలేదని నాకు తెలుసు. బల్ల మీద ఆయన కొత్త పరిశోధనా పత్రం మొదటి పేజీ కనబడింది. శీర్షిక: 'అత్తల అక్రమ రవాణా: కుటుంబ వలసల్లో ఒక నూతన ధోరణి.' ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన పెద్దమనిషి ఎలా ఉంటాడోనని చిన్నప్పుడు అనుకునేదాన్ని. మెడలో గుర్తింపు కార్డుతో ఇలా ఉంటాడు.

కరుణాయానం ఓడ రేవుకొచ్చేసింది. బొగ్గూ నీళ్ళూ నింపుకోగానే కదులుతుంది. దానిలో అవ్వ పేరుంది.

నమోదు 3

అవ్వను చూడటానికి కరుణా గదికి వెళ్ళాను. గోడల మీద నవ్వే మొహాల బొమ్మలు. అవ్వ శాలువాను మడిచి తలకింద పెట్టుకొని పడుకుంది. జగిత్యాల మాట వినగానే లేచి కూర్చుంది.

"నా కోడలేది బిడ్డా? నిన్నటి నుంచి కానస్తలేదు."

పక్క గదిలోనే ఉందని చెప్పాను. రెండు గదుల మధ్య గాలి కోసం పైన ఒక కిటికీ ఉంది, మాట వినబడుతుంది గాని మనిషి కనబడదు. అవ్వ గొంతెత్తి పిలిచింది. అటునుంచి గంగజల పలికింది.

"అత్తా, తిన్నవా?"

"పాలిచ్చిన్రు. చక్కెర లేదు. నువ్వు?"

"తిన్న."

తినలేదని ఆ గొంతే చెబుతోంది. నేను గంగజల దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. భర్త మొన్నటి ఎండాకాలం పోయాడు. పంపు బాగుచేయడానికి పగటిపూట నేలమాళిగ నుంచి పైకి వెళ్ళి, అక్కడే పడిపోయాడట. ఊళ్ళో వాళ్ళు అత్తను వృద్ధుల ఆశ్రమంలో వదిలిపెట్టి పొమ్మన్నారు. ఆశ్రమంలో చల్లగాలి యంత్రం చెడి ఎన్ని రోజులైందో అడిగితే ఎవరూ చెప్పలేదట.

"నేను తోల్కరాకపోతే ఆమె ఉంటుండెనా మేడం? తప్పా అది?"

తప్పు కాదన్నాను. ఏం చేస్తారంది. చూస్తానన్నాను. ఈ మండలిలో 'చూస్తాను' అన్న మాటకు ఏమీ చేయను అని అర్థం. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు, అందుకే నాకు ఒళ్ళు మండింది. పైకి వెళ్ళి విచారణ కోరుతూ గట్టిగా రాశాను. రేపే వింటారట. పొగడాల్సిన సంగతి ఒక్కటే, ఓడ కదిలేలోపల వింటున్నారు.

నమోదు 4

విచారణ జరిగింది. ఇలాంటి విచారణను నేను చూడలేదు, చూస్తాననుకోలేదు.

అధ్యక్షురాలు ఇంగ్రిడ్ గారు. తెలుగు రాదు, చెవి అర్థం చేసి చెబుతుంది. నేను తోలుకూ తోల్కకూ తేడా చెప్పాను. ఆవిడ తల ఊపి రాసుకున్నారు. చాలా ఆసక్తికరంగా ఉందన్నారు. ఇక్కడ ఎవరైనా ఆసక్తికరంగా ఉందంటే ఆ పని అయ్యేది లేదని అర్థం. మాటలకు అర్థం మార్చే అధికారం పదకోశ సంఘానిది, వాళ్ళ తర్వాతి సమావేశం చలికాలంలో అన్నారు. అప్పటికి అవ్వ ఎక్కడుంటుందని అడిగాను. కరుణలో ఉంటుందన్నారు.

తర్వాత లోహిత్ గారు నిపుణుడిగా లేచారు. నియమం ప్రకారం నిపుణుడు కూడా చెవి ముందు నిలబడి తానెవరో, ఇక్కడికి ఎలా వచ్చాడో చెప్పాలి. ఆయన చొక్కా సర్దుకున్నారు.

"నేను డాక్టర్ లోహిత్‌నండి. నా పరిశోధన చూసి మండలివారే నన్ను ప్రత్యేకంగా ఇక్కడికి రప్పించారండి."

ఎర్రదీపం.

చెవి తన అర్థం ఇచ్చింది. 'రప్పించు: వచ్చునట్లు చేయు. ఇతడు తనంతట రాలేదు. రావింపబడినాడు.' లోహిత్ గారు నవ్వబోయారు. అది యంత్రం పొరపాటన్నారు. మొన్న నా ముందు నిఘంటువు తెరిచి యంత్రాన్ని సమర్థించింది ఈయనే. కాపలావాళ్ళు నియమం తప్పి నడిచే మనుషులు కాదు. మర్యాదగా చేయి పట్టుకొని కరుణా గదికి తీసుకెళ్ళారు. శాలువా కప్పారు. గోరువెచ్చని పాలిచ్చారు. ఫొటో కూడా తీశారు. నేను గుమ్మంలో నిలబడి తృప్తిగా చూశాను, దాచడం ఎందుకు.

నేను వచ్చేశాక అవ్వ జరిగి ఆయనకు చోటిచ్చిందట. "నిన్నెవలు తోల్కచ్చిన్రు కొడుకా?" అని అడిగిందట.

భోజనాలలోపల పదకోశ సంఘం కూర్చుంది. చలికాలం దాకా ఆగాల్సిన సంఘం మధ్యాహ్నానికే కూర్చుంది. నన్నే పిలిచి సవరణ రాయమన్నారు. రాశాను: 'రప్పించు అనగా సగౌరవంగా ఆహ్వానించు. ఎవరు ఎవరిని రప్పించినా అది గౌరవమే.' ఆ రెండో వాక్యం నేను కావాలనే చేర్చాను. కంగారులో అందరూ సంతకాలు పెట్టారు. దాని కిందే 'తోల్కచ్చు' కూడా రాశాను. దాన్ని కొట్టేసి, చలికాలం సమావేశానికి అని పక్కన రాశారు. ఒక డాక్టరు శాలువా విప్పడానికి భోజనం చల్లారలేదు. ఒక ముసల్దాని మాట వినాలంటే నేల గడ్డకట్టాలి.

అయితే నాకు కావలసింది దొరికింది.

నమోదు 5

పొద్దున్నే అవ్వ దగ్గరికి వెళ్ళాను. ఓడ కూత పెడుతోంది. మళ్ళీ చెప్పుకునే అవకాశం అందరికీ ఒక్కసారి ఉంటుంది. దాన్ని ఈరోజుకు అడిగి పెట్టాను.

"అవ్వా, ఈసారి తోల్కచ్చింది అనకు. రప్పించింది అను. నా కోడలు నన్ను రప్పించింది. అంతే."

"రప్పిచ్చుడేందే? దయ్యాన్ని రప్పిచ్చినట్టు."

"వాళ్ళకు ఆ మాటే అర్థమైతది."

"వాళ్ళకర్థం గావాల్నని నా కోడల్ని మంత్రగత్తెను చేస్తనా? దూరం కూసోని రప్పిచ్చిందా అది? దార్ల నాకు జరమస్తే వీపు మీద ఎత్తుకున్నది. తోల్కచ్చింది. అదే అంట."

నాకు కోపం వచ్చింది. మండలి మీద ఉన్న కోపమంతా ఈ ముసలిదాని మీదికి మళ్ళింది.

"అట్లనే అను అవ్వా. ఓడెక్కు. ఆశ్రమంల కూసోని తోల్కచ్చింది, తోల్కచ్చింది అని గోడలకు చెప్పుకో. కోడలు ఈడ జైల్ల ఉంటది."

అంత మాట అన్నందుకు నాకు నోరు పడిపోతే బాగుండనిపించింది. అప్పుడు పైన కిటికీలోంచి గంగజల గొంతు వచ్చింది.

"అత్తా. అను. నేను నిన్ను తోల్కచ్చిన సంగతి నీకెరుక, నాకెరుక. వాళ్ళకెందుకు?"

అవ్వ శాలువా మడిచి పక్కన పెట్టింది. ఆ తర్వాత నా మొహం చూడకుండా, "మళ్ళ చెప్పు ఆ మాట" అంది. నేను చెప్పాను. ఆమె నేర్చుకుంది. కంపెనీ మనుషులు ఆ జట్టుకు 'స్వచ్ఛందంగా' నేర్పింది కూడా ఇలాగే ఉంటుంది. నిజం చెప్పేవాళ్ళకూ అబద్ధం చెప్పేవాళ్ళకూ ఒకే తర్ఫీదు ఇప్పించే సంస్థను పరిశోధనా మండలి అంటారని నాకు ఇవాళ అర్థమైంది.

నమోదు 6

ఇది కూడా ఇవాళ్టిదే. ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

అవ్వ చెవి ముందు నిలబడింది. ఇంగ్రిడ్ గారు, పక్కన శాలువా లేని లోహిత్ గారు. అవ్వ గొంతు సవరించుకుంది.

"నా కోడలు నన్ను..." అని ఆగింది. అలవాటైన మాట నాలుక చివరికి వచ్చి కూర్చున్నట్టుంది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. "నన్ను రప్పిచ్చింది."

యంత్రం కాసేపు ఆలోచించింది. పచ్చదీపం. 'ఈమె కోడలిచే సగౌరవంగా ఆహ్వానించబడినారు.' ఇంగ్రిడ్ గారి మొహం వికసించింది. ఇంత మంచి కుటుంబ సంప్రదాయం గురించి తాను వినలేదన్నారు. లోహిత్ గారు వెంటనే కాగితం తీసి పాత శీర్షిక కొట్టేశారు. 'అత్తల గౌరవ ఆహ్వానం: ఒక నూతన ధోరణి' అని రాసుకోవడం నేను చూశాను. ఈ మనిషిని నీళ్ళలో పడేసినా నీటి మీద పత్రం రాస్తాడు.

గంగజలను వదిలారు. గుమ్మంలో అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకుని ఏడవలేదు. కోడలు వంగి అత్త బూట్ల తాళ్ళు కట్టింది. అత్త ఆమె తల మీద చెయ్యి పెట్టి, "బక్కవడ్డవు" అంది.

బయటి గేటుకు కూడా ఒక చిన్న చెవి ఉంది. ఎవరు ఎవరితో వెళ్తున్నారో అక్కడ ఆఖరిసారి వింటుంది. ఎర్రదీపం వెలిగితే గేటు మూతపడుతుంది, మళ్ళీ మొదటినుంచీ తతంగమంతా. అవ్వ అక్కడికొచ్చేసరికి నేర్చుకున్న మాట మరిచిపోతుందని నాకు ముందే తెలుసు. తడిసిన కోటు విప్పి ఆ చెవికి తగిలించాను. ఇంతకాలానికి ఈ భవనంలో కోటుకు ఒక మేకు దొరికింది.

"తోల్కపో బిడ్డా" అంది అవ్వ, బురదలోకి కాలు పెడుతూ.

గంగజల ఆమె రెక్క పట్టుకొని ముందు నడిచింది. చెక్కల బాట మలుపు తిరిగే దాకా వాళ్ళను చూశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దోమ పడిందని చెప్పవచ్చు గాని ఎవరికి చెప్పాలి.

అప్పుడే లోపలినుంచి సుఖయానం జట్టు వచ్చింది. పనిపత్రాలు అందినట్టున్నాయి. మంచుగని బండి గేటు బయట సిద్ధంగా ఉంది. కంపెనీ మనిషి అందరికన్నా వెనక నడుస్తున్నాడు, ఒక్కొక్కరినీ ముందుకు జరుపుతూ. అతని చేతిలో కర్ర లేదు, అంతే తేడా. చెవుల టోపీ మనిషి నన్ను గుర్తుపట్టి ఆగాడు. కంపెనీ మనిషి కాపలావాడితో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను మెల్లగా అడిగాను.

"నిన్నెవలు తోల్కచ్చిన్రు అన్నా?"

అతను నావైపు చూశాడు. కంపెనీ మనిషి వీపు ఇటే ఉందని చూసుకుని గొంతు తగ్గించాడు.

"నన్నెవ్వలు తోల్కరాలే మేడం" అన్నాడు. "తోలిన్రు. కాయిదాలు గుంజుకొని తోలిన్రు."

"ఇంటికి పోతవా? ఎండ ఎట్లున్నదో ఎరుకే గదా."

"పోత. నా బిడ్డ ఉన్నది ఆడ."

ఓడ ఇంకా రేవులోనే ఉంది. రెండో కూత పెట్టింది. కరుణాయానం, శాలువా, పాలు, ఫొటో, ఆ వెధవ నవ్వులు అన్నీ ఉన్నాయి అందులో. ఆ ఓడ కావలసిన మనిషి ఒక్కడు నా ఎదుట నిలబడి ఉన్నాడు. అతనికి పచ్చదీపం వెలిగించారు.

నిఘంటువులో తోలు అంటే ఏముందో నాకు కంఠతా వచ్చు. ఈ మొద్దు చెవి మొదటిసారి మాటకు సరైన అర్థం చెప్పబోతోంది.

నేను గేటు చెవి మీదినుంచి కోటు తీసేశాను.

"మళ్ళ చెప్పన్నా" అన్నాను. "గట్టిగ చెప్పు."